పాత ఫ్రూట్ మెషీన్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా: ముందు కడగండి, తర్వాతే పానా పట్టండి

పక్కన ఒక పొడుగాటి హ్యాండిల్, ముందు అద్దం వెనక మూడు చక్రాలు, వాటి మీద చెర్రీలు, నిమ్మకాయలు, గంటలు. నాణెం వేసి హ్యాండిల్ లాగితే చక్రాలు గిర్రున తిరిగి ఒకదాని తర్వాత ఒకటి ఆగుతాయి. అమెరికాలో స్లాట్ మెషీన్ అని, బ్రిటన్‌లో ఫ్రూట్ మెషీన్ అని పిలిచే ఈ పెట్టెలో పాతకాలం మోడళ్లకు కరెంటు అక్కర్లేదు. అంతా స్ప్రింగులు, లివర్లు, పళ్ల చక్రాలే. పాత గోడగడియారాలు, గ్రామఫోన్లు బాగుచేసే సరదా ఉన్నవాళ్లకు ఇంతకు మించిన పని దొరకదు.

ఈ వ్యాసం ముఖ్యంగా అలాంటి పూర్తి మెకానికల్ మెషీన్ల గురించే. కరెంటుతో నడిచే వాటి సంగతి చివర్లో కొంచెం చెబుతాను. మొదటి నుంచి చివరిదాకా మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. "చెడిపోయింది" అని మీ చేతికొచ్చిన మెషీన్ చాలాసార్లు చెడిపోయి ఉండదు, దశాబ్దాల నాటి నూనె మడ్డిలా గడ్డకట్టి బిగుసుకుపోయి ఉంటుంది. అది తెలియక లివర్లు వంచి, స్ప్రింగులు మార్చి, నిజంగానే చెడగొట్టేస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకండి.

ముందు చట్టం సంగతి

ఇది జూదం కోసం తయారైన వస్తువు. మన దగ్గర 1974 నాటి గేమింగ్ చట్టం అమల్లో ఉంది. 2017లో తెలంగాణ దాన్ని సవరించి ఇంకా గట్టిగా బిగించింది. జూదానికి వాడే వస్తువును ఆ చట్టం జూద పరికరంగానే చూస్తుంది. నేను షోకేసులో పెట్టుకున్నానంతే అంటే సరిపోతుందా లేదా అన్నది మీరూ నేనూ తేల్చే విషయం కాదు. కొనేముందే ఒక వకీలుతో మాట్లాడండి. విదేశం నుంచి తెప్పించాలనుకుంటే కస్టమ్స్ బ్రోకరును కూడా అడగండి, వాడేసిన సామాన్ల దిగుమతికి వేరే ఆంక్షలున్నాయి. పెట్టె ఓడ ఎక్కాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇంట్లో పెట్టుకున్నాక మాత్రం డబ్బుకూ దానికీ సంబంధం ఉండకూడదు. సంక్రాంతికి వచ్చిన బావగారు "ఒక్క పదిరూపాయల బిళ్ల వేసి చూద్దాం బావా" అంటారు. వద్దనండి. మెషీన్‌తో పాటే కొన్ని బిళ్లలు లోపల ఉంచుకుని, అవే వేసి, అవే మళ్లీ తీసి డబ్బాలో పెట్టుకోవాలి.

దొరికేది ఎక్కడ, చూడాల్సింది ఏమిటి

హైదరాబాద్‌లో ఇవి తరచుగా కనిపించవు. గురువారం జుమ్మెరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో గ్రామఫోన్లు, కుట్టు మెషీన్లు, గడియారాలు కుప్పలుగా దొరుకుతాయి గానీ ఫ్రూట్ మెషీన్ దొరకడం మీ అదృష్టం. ఎక్కువగా పాత సామాన్లు సేకరించేవాళ్ల చేతుల మీదుగా, ముంబై నుంచో, విదేశాల్లో ఉండి తిరిగొచ్చిన కుటుంబాల నుంచో వస్తాయి. కొత్తగా తయారుచేసి పాతదని అంటగట్టేవి కూడా ఉంటాయి. వెనక తలుపు తీసి చూపించనంటే బేరం ఆపేయండి.

చూడాల్సింది లోపలి యంత్రం పూర్తిగా ఉందా అన్నదే. పైపెట్టెకు సొట్టలుంటే పర్లేదు, రంగు పోయినా పర్లేదు. మూడు రీళ్లు (బొమ్మలుండే చక్రాలు), వాటి పక్కన చిల్లుల డిస్కులు, నాణేల గొట్టం, చిన్న ఫ్యాను రెక్కలున్న గేరుపెట్టె ఇవన్నీ ఉండాలి. పోత పోసిన ముక్కలు ఎక్కడైనా విరిగాయేమో టార్చి వేసి చూడండి. తుప్పు పైపైన ఉంటే భయం లేదు, ఇనుము పొరలుగా ఊడుతుంటే వదిలేయండి. హ్యాండిల్‌ను మాత్రం అక్కడ లాగి చూడకండి. లోపల ఏదైనా ఇరుక్కుని ఉంటే ఆ ఒక్క లాగుడుకే విరుగుతుంది.

బరువు దాదాపు 40 కిలోలు ఉంటుంది. ఆటోలో పక్కన పెట్టుకుని తెచ్చేది కాదు. ఇద్దరు మనుషులు, ఒక పాత పరుపు కావాలి.

పని మొదలెట్టేముందు చేతికి అలవాటు కోసం ఒక పాడైన కీ గడియారమో, గ్రామఫోన్ మోటారో విప్పి బిగించి చూడండి. గ్రామఫోన్‌లో వేగాన్ని అదుపులో పెట్టే గవర్నరు ఎలా పనిచేస్తుందో అర్థమైతే ఈ మెషీన్‌లో సగం అర్థమైనట్టే.

లోపల జరిగేది

ఇది చదవకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

నాణెం లోపలికి జారి ఒక చిన్న లివర్‌ను తాకుతుంది. అప్పటిదాకా హ్యాండిల్‌కు లోపల అడ్డుగా ఉన్న కొక్కెం తప్పుకుంటుంది. మీరు హ్యాండిల్ లాగినప్పుడు నిజానికి రీళ్లను తిప్పడం లేదు, ఒక పెద్ద స్ప్రింగును సాగదీస్తున్నారు. హ్యాండిల్ కిందిదాకా వచ్చాక ఆ స్ప్రింగు ఒక్కసారిగా వదులుతుంది, కిక్కర్లు అనే చేతులు మూడు రీళ్లనూ తన్ని తిప్పుతాయి. అదే సమయంలో క్లాక్ నడవడం మొదలెడుతుంది. పేరు క్లాక్ అయినా అది టైము చూపించదు, కొన్ని గేర్లు, చివర గాలిని కోసే చిన్న ఫ్యాను, అంతే. ఆ ఫ్యాను గాలిని తోసుకుంటూ తిరుగుతుంది కాబట్టి స్ప్రింగు బలం మెల్లమెల్లగా ఖర్చవుతుంది. ఆ మెల్లదనంలోనే ఎడమ రీలును, తర్వాత మధ్యదాన్ని, ఆఖరున కుడిదాన్ని ఆపే లివర్లు వరసగా వదులుతాయి.

ప్రతి రీలు పక్కన స్టార్ వీల్ ఉంటుంది. దానికి సాధారణంగా 20 గాడులు. లివర్ వెళ్లి ఏ గాడిలో పడితే ఆ బొమ్మ అద్దంలో కనిపిస్తుంది. మూడు రీళ్లకు కలిపి 20 × 20 × 20, అంటే 8000 రకాలు. ఒక్కో రీలు మీద BAR అని రాసిన బొమ్మ ఒక్కటే ఉంటే మూడు బార్లూ వరస కట్టడం 8000 లాగుళ్లలో సగటున ఒక్కసారి. పది సెకన్లకొకటి చొప్పున లాగినా 22 గంటలు పైనే. ఎవరు సంపాదించారో దీన్నిబట్టే తెలుస్తుంది.

రీళ్లు ఆగాక వేళ్లలాంటి సన్నటి కమ్మీలు డిస్కుల్లోని చిల్లుల్లోకి దూరడానికి ప్రయత్నిస్తాయి. గెలుపు వరస పడితే చిల్లులు ఎదురుగా ఉంటాయి, కమ్మీలు లోపలికి పోతాయి, కింద ఉన్న పలకలు జరిగి గొట్టం అడుగు నుంచి ఆ గెలుపుకు తగినన్ని నాణేలు రాలతాయి. లేకపోతే కమ్మీలు డిస్కుకు తగిలి ఆగిపోతాయి. మెషీన్‌కు బొమ్మలు కనిపించవు, చిల్లులే కనిపిస్తాయి. ఈ ముక్క తర్వాత రీళ్ల మీది బొమ్మల కాగితం పట్టీల దగ్గర పనికొస్తుంది.

విప్పడం

తాళంచెవి లేకపోతే డ్రిల్లు పెట్టకండి. కోఠిలోనో మోండా మార్కెట్ దగ్గరో రోడ్డు పక్కన కూర్చుని తాళంచెవులు చేసేవాళ్లను ఇంటికి పిలవండి, చాలావరకు తీసేస్తారు.

తలుపు తీయగానే ముందు ఫోన్‌తో ఫొటోలు. అన్ని వైపుల నుంచి తీయండి. స్ప్రింగు ఏ కొక్కేనికి తగిలించి ఉందో కనబడేంత దగ్గరగా తీయాలి. అలాగే ఒక వీడియో, ఏం కనిపిస్తుందో నోటితో చెబుతూ. వారం తర్వాత మీకు ఏదీ గుర్తుండదు.

చాలా మోడళ్లలో లోపలి యంత్రం మొత్తం ఒకే కట్టగా వెనక నుంచి జారి బయటికి వస్తుంది. కింద ఒకటో రెండో గొళ్లేలు ఉంటాయి, హ్యాండిల్ కలిసే చోట అది తప్పుకునేలా చూడాలి. రాకపోతే బలవంతం చేయకండి, ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉంటుంది. బయటికి తీశాక రీళ్ల కట్టను వేరు చేసి, కాగితాలకు తడి తగలకుండా ఇంకో గదిలో పెట్టండి.

పెద్ద స్ప్రింగు సాగి ఉండగా ఏ స్క్రూ తీయకూడదు. హ్యాండిల్ సగంలో ఇరుక్కుని ఉంటే అది సాగి ఉన్నట్టే లెక్క. కళ్లద్దాలు పెట్టుకుని, నాణేల దారి మొత్తం టార్చితో చూడండి. నూటికి తొంభై పాళ్లు ఒక వంకర నాణెం అడ్డుపడి ఉంటుంది. దాన్ని పట్టకారుతో తీస్తే హ్యాండిల్ దానంతట అదే తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు మీ వేళ్లు లోపల ఉండకూడదు.

స్క్రూలకు పోపులపెట్టె చాలా బాగుంటుంది. ఏడు గిన్నెలు, ఒక్కోదాంట్లో ఒక్కో భాగం స్క్రూలు, అడుగున చీటీ. వంటింట్లోది తీసుకోకండి, బేగంబజార్‌లో ఇంకోటి కొనుక్కోండి.

కడగడమే రిపేరు

సగం రోజు ఈ పనికే పోతుంది, పోనివ్వండి.

ఇదివరకు అందరూ కిరసనాయిలు వాడేవాళ్లు. ఇప్పుడు అది దొరకడం కష్టం కాబట్టి రంగుల షాపులో దొరికే మినరల్ టర్పంటైన్ తెచ్చుకోండి. పెట్రోల్ జోలికి పోవద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. బాల్కనీలోనో మేడమీదో పని పెట్టుకోండి. దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. చేతికి రబ్బరు తొడుగులు.

వెడల్పాటి రేకు ట్రేలో యంత్రాన్ని పెట్టి, పాత టూత్‌బ్రష్‌ను టర్పంటైన్‌లో ముంచి పైనుంచి కిందికి రుద్దుతూ రండి. మొదట ఏమీ కదలదు. పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ రుద్దితే తేనెరంగు జిగురు కరిగి కారడం మొదలవుతుంది. లివర్లు తిరిగే ఇరుసుల దగ్గర ఒక్కో చుక్క వేసి, లివర్‌ను వేలితో ముందుకూ వెనక్కీ ఆడించండి. మొదట మైనంలో కదిలినట్టు కదులుతుంది. ఇంకో చుక్క, ఇంకాసేపు. చివరికి మీరు వేలు తీయగానే చిన్న స్ప్రింగు దాన్ని టక్కున వెనక్కి లాగుతుంది. ఆ టక్కు వినిపించేదాకా ఆ లివర్ దగ్గర నుంచి కదలొద్దు. యంత్రంలో ఉన్న ప్రతి లివర్‌కూ ఇదే పరీక్ష. ఏ ఒక్కటి బద్ధకంగా వెనక్కి వచ్చినా తర్వాత తంటా దానితోనే.

ఇత్తడి తీగ బ్రష్ ఇనుము మీద వాడొచ్చు. నికెల్ పూత ఉన్నచోట వాడితే గీతలు పడతాయి. తుప్పు మచ్చలకు సన్నటి ఉప్పుకాగితాన్ని నూనెలో తడిపి రుద్దండి. ఇరుసు లోపలికి ఆ పొడి పోకుండా చూసుకోవాలి. నీళ్లతో, ముఖ్యంగా బోరు నీళ్లతో కడగడం వద్దు. తెల్లటి మరకలు, ఆపైన కొత్త తుప్పు. టర్పంటైన్ గుడ్డలను ముద్దగా మూలన పడేయకుండా విడివిడిగా ఆరబెట్టి పారేయండి.

క్లాక్ దగ్గర నిదానం

రీళ్లు తిరుగుతూనే ఉండిపోయి ఆఖరిది ఆగడం లేదా? క్లాక్ మధ్యలో నిలిచిపోయింది. మూడూ ఒకేసారి ఆగుతున్నాయా? క్లాక్ మరీ వేగంగా పోతోంది, ఫ్యాను వదులైందో, ఊడిందో. ఆగుతున్నాయి గానీ నత్తనడకన ఆగుతున్నాయా? మడ్డి. మొత్తం యంత్రానికి గుండెకాయ ఇదే.

కొన్ని స్క్రూలు తీస్తే క్లాక్ విడిగా బయటికి వస్తుంది. దాన్ని ఇంకా విప్పకండి, గేర్లు ఊడదీస్తే మళ్లీ కూర్చోబెట్టడం గడియారాల మిస్త్రీ పని. ఒక గాజుసీసాలో టర్పంటైన్ పోసి, అందులో ముంచి, రాత్రంతా వదిలేయండి. పొద్దున తీసి, మెత్తటి బ్రష్‌తో పళ్ల మధ్య తుడిచి, ఇంకోసారి శుభ్రమైన టర్పంటైన్‌లో ఆడించి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో ఆరబెట్టండి.

తర్వాత చేత్తో పట్టుకుని మొదటి గేరును మెల్లగా తోయండి. ఫ్యాను నుంచి సన్నటి, ఎగుడుదిగుడు లేని జుమ్మనే శబ్దం రావాలి. ప్రతి చుట్టులో ఒకే చోట తడబడుతుంటే ఒక పన్ను వంగిందనో, పళ్ల మధ్య ఏదో నలక ఉందనో అర్థం. భూతద్దం పెట్టి ఆ చోటు వెతకండి. సూదిమొనతో తీస్తే చాలావరకు నలకే వస్తుంది. ఎక్కడంటే అక్కడ తడబడితే ఇంకా మడ్డి ఉంది, మళ్లీ సీసాలో వేయండి.

నూనె: ఎంత తక్కువైతే అంత మంచిది

ఇరుసులకు కుట్టు మెషీన్ నూనె, సూదిమొనతో ఒక్క చుక్క. క్లాక్‌లో ఇరుసు చివరలకే, పళ్లకు వద్దు. జారే పలకలకు పలచగా తెల్ల లిథియం గ్రీజు. స్టార్ వీళ్లకు, డిస్కులకు, నాణేల దారికి ఏమీ వద్దు, పొడిగానే ఉండాలి.

మన ఇళ్లలో తలుపు కీచుమన్నా, ఫ్యాను కీచుమన్నా కొబ్బరినూనె పోసే అలవాటు ఒకటుంది. దయచేసి వద్దు. డిసెంబర్ వస్తే హైదరాబాద్‌లో సీసాలోనే గడ్డకట్టే నూనె ఇరుసులో గడ్డకట్టదా? కొన్నాళ్లకు జిగురుగానూ మారుతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే తుప్పు వదిలించడానికి మంచిదే గానీ నూనెకు బదులు అదే వాడి వదిలేస్తే త్వరలోనే మళ్లీ మొదటికి వస్తారు.

బిగించాక, సర్దుబాట్లు

యంత్రాన్ని పైపెట్టెలో పెట్టకుండా బల్ల మీదే పెట్టి నడపండి. నాణెం తాకే లివర్‌ను వేలితో నొక్కి, హ్యాండిల్ కలిసే చోట ఒక బలమైన కమ్మీతో లాగితే సరిపోతుంది. టక్, టక్, టక్, మూడు శబ్దాల మధ్య దాదాపు సమానమైన విరామం రావాలి.

రీలు రెండు బొమ్మల మధ్య ఆగుతోందంటే ఆపే లివర్ గాడిలోకి పూర్తిగా దిగడం లేదు. దాని స్ప్రింగు చూడండి. తిరగాల్సినంత తిరగకుండా ఆగుతోందంటే రీలు ఇరుసు చూడండి. గెలుపు వరస పడినా ఏమీ రాలకపోతే ముందు గొట్టంలో నాణేలు తగినన్ని ఉన్నాయో లేదో చూడండి. నవ్వకండి, చాలామంది గంటలు గంటలు పలకలతో కుస్తీ పట్టాక చూసుకునేది అదే. గొట్టం నిండుగా ఉండి కూడా రాలకపోతే ఒక పలక వంగి ఉంటుంది. తీసి, చదునైన గాజు మీద పెట్టి, ఎక్కడ లేచి ఉందో చూసి, చెక్కసుత్తితో నెమ్మదిగా సరిచేయాలి.

స్ప్రింగు నిజంగానే తెగిపోయి ఉంటే రాణిగంజ్ వెళ్లండి. పాతది పట్టుకెళ్లి తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల లెక్క మూడూ చూపించి అదే సైజు అడగండి. "కొంచెం గట్టిది పెడితే ఇంకా బాగా పనిచేస్తుంది సార్" అనేవాళ్ల మాట వినకండి. ఆ గట్టి స్ప్రింగు తన్నులకు 80 ఏళ్ల పోత ముక్క పగులుతుంది. అప్పుడు ఆ ముక్కకు రాణిగంజ్‌లో బదులు దొరకదు, బాలానగర్‌లో లేత్ పనివాళ్లతో కొత్తగా చేయించుకోవాలి. ఇరుసులు, పిన్నులు, బుష్‌ల వంటివైతే వాళ్లు చక్కగా చేసిస్తారు. వంపులు తిరిగిన పోత ముక్క చేయించడం మాత్రం ఖరీదైన పని.

ఏ బిళ్ల వేయాలి?

ప్రతి మెషీన్ ఒక్క సైజు నాణేనికే కొలిచి చేసింది. అమెరికా 5 సెంట్ల నాణెం వ్యాసం 21.21 మిల్లీమీటర్లు, పావు డాలరుది 24.26. బ్రిటిష్ పాత పెన్నీ దాదాపు 31. మన 2019 సిరీస్ రూపాయి 20, రెండు రూపాయలు 23, అయిదు రూపాయలు 25 మిల్లీమీటర్లు. అంటే 5 సెంట్ల మెషీన్‌లో మన రూపాయి వేస్తే చిన్నదై పక్కకు జారి ఇరుక్కుంటుంది, పావు డాలర్ మెషీన్‌లోకి అయిదు రూపాయల బిళ్ల దూరనే దూరదు. మందం తేడా వస్తే రాలే లెక్క కూడా తప్పుతుంది.

అసలు నాణేలే నాణేల వ్యాపారుల దగ్గర ఒక గుప్పెడు కొనుక్కోవడం తేలిక. లేదా వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి ఇత్తడి రేకులో టోకెన్లు కోయించుకోండి. అంచులకు గరుకు లేకుండా చూసుకోవాలి.

రీళ్ల మీది కాగితాలు

మెషీన్‌లో వయసు బాగా కనిపించేది ఇక్కడే. పసుపురంగు తిరిగి, అంచులు చిరిగి ఉంటాయి. కొంచెం పాతబడ్డట్టుంటే అలాగే ఉంచమని నా సలహా. బొమ్మలు గుర్తుపట్టలేనంతగా పోతేనే మార్చండి. మార్చినా పాతవి పారేయకుండా ఒక కవరులో భద్రపరచండి.

1920, 30ల నాటి మెషీన్లలో కనిపించే ఈ పళ్ల బొమ్మల వెనక ఒక తమాషా ఉంది. చార్లెస్ ఫే శాన్‌ఫ్రాన్సిస్కోలో 19వ శతాబ్దం చివర్లో చేసిన లిబర్టీ బెల్ అనే మెషీన్ మీద ఉన్నవి గంట, గుర్రపు నాడా, పేకముక్కల గుర్తులు. తర్వాత జూదం మీద ఆంక్షలు పెరిగినప్పుడు కొందరు తయారీదారులు "ఇది చూయింగ్ గమ్ అమ్మే మెషీన్" అని మారువేషం వేశారు. పళ్లు ఆ గమ్ రుచులకు గుర్తులు. గమ్ పోయింది, పళ్లు మిగిలాయి.

ఇక పని. పాత పట్టీని తీసేముందు దాని అతుకు రీలులో ఏ చోట ఉందో రీలు లోపలి అంచు మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. మెషీన్ చూసేది చిల్లులను అని పైన చెప్పాను కదా. పట్టీని ఒక్క బొమ్మ అటుగా అతికిస్తే గంట బొమ్మలు మూడూ వరస కట్టినా ఒక్క బిళ్ల రాలదు, నిమ్మకాయకు మాత్రం రాలుతుంది.

పట్టీని స్కాన్ చేసి, మరకలు కంప్యూటర్‌లో తుడిచి, ఏదైనా డిజిటల్ ప్రింటింగ్ షాపులో మందపాటి మ్యాట్ కాగితం మీద తీయించండి. షాపువాడికి గట్టిగా చెప్పాల్సింది, సైజు నూటికి నూరు శాతం ఉండాలని. "పేజీకి సరిపోయేలా" అన్న సెట్టింగ్ ఉంటే అది 97 శాతానికి తగ్గించేస్తుంది. రీలు చుట్టుకొలత 500 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో బొమ్మకు 25 వస్తుంది. 3 శాతం తగ్గితే చివరికి 15 మిల్లీమీటర్లు తక్కువ, అంటే సగం బొమ్మ కంటే ఎక్కువ తేడా. ముందు మామూలు కాగితం మీద తీయించి చుట్టి చూసుకున్నాకే మంచి కాగితానికి డబ్బు పెట్టండి.

అతికించడానికి ఫెవికాల్ వద్దు, రేపు ఎవరైనా తీయాలంటే చిరుగుతుంది. ఉడికించిన మైదా జిగురు చాలు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ల అలవాటు. ఇక్కడ మాత్రం కలపొద్దు. రీలు ఇనుముదైనా, అల్యూమినియందైనా మైలుతుత్తం తినేస్తుంది.

పైపెట్టె మెరుగు

పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా రుద్దకండి. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. చెక్క పెట్టెకు చెదలు పట్టిందేమో అడుగున గీకి చూడండి. గట్టిగా ఉంటే మన వడ్రంగులు చేసే లక్క పాలిష్ బ్రహ్మాండంగా నప్పుతుంది. రంగు కలపడానికి కార్ల పెయింట్ షాపులు మేలు, ఒక చిన్న ముక్క చూపిస్తే అదే షేడ్ కలిపిస్తారు.

ముందు భాగం పోత అల్యూమినియం అయితే బ్రాస్సో, మెత్తటి గుడ్డ, ఓపిక. అంతే. క్రోమ్ పూత వేయించాలని మనసు లాగుతుంది. అల్యూమినియం మీద క్రోమ్ నేరుగా నిలవదు, ముందు జింక్, ఆపైన రాగి, నికెల్ పొరలు వేయాలి. ఆ సంగతి తెలియని చోట ఇస్తే యాసిడ్ తొట్టిలో నుంచి నగిషీ అంచులు కరిగి వస్తాయి. ఇవ్వాలనుకుంటే "అల్యూమినియం మీద చేసింది చూపించండి" అని అడిగి, చూశాకే ఇవ్వండి. నా మట్టుకు నాకు అద్దంలా మెరిసే ఫ్రూట్ మెషీన్ కొత్త హోటల్ రిసెప్షన్‌లో పెట్టిన బొమ్మలా అనిపిస్తుంది. చేతులు తగిలి అరిగిన హ్యాండిల్ పిడిని అలాగే వదిలేయండి.

మీది కరెంటు మెషీన్ అయితే

1960ల మొదట్లో అమెరికాలో బ్యాలీ కంపెనీ మనీ హనీ అనే మెషీన్ తెచ్చాక చెల్లింపు కరెంటు మోటారు మీదికి మళ్లింది. 80ల నాటి బ్రిటిష్ మెషీన్లలో మైక్రోప్రాసెసర్ బోర్డు ఉంటుంది. బ్రిటిష్‌వి మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కే సరిపోతాయి. అమెరికావి 120 వోల్టులు, వాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. మన 50 హెర్ట్జ్‌కు కొన్ని మోటార్లు మెల్లగా తిరుగుతాయి.

మొదటిసారి నేరుగా ప్లగ్గు పెట్టొద్దు. మన ఎలక్ట్రీషియన్లు వాడే సీరీస్ బల్బు పద్ధతి ఇక్కడ బంగారం. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును లైనులో సీరీస్‌గా కలిపి పెడితే, లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలిగి ఊరుకుంటుంది, మెషీన్ కాలదు. ఎర్త్ ఉన్న సాకెట్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉన్న లైను వాడండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుందని మరచిపోకండి.

బోర్డు మీద చిన్న రీఛార్జి బ్యాటరీ ఉంటే ముందు దాన్ని తీసేయండి. అది కారి, చుట్టూ ఆకుపచ్చ పొర కట్టి ఉంటే వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచి, డిస్టిల్డ్ వాటర్‌తో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి. గాజు కిటికీ ఉన్న చిప్పుల మీది స్టిక్కరు ఊడితే మళ్లీ అతికించండి, అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలితే అందులోని ప్రోగ్రామ్ చెరిగిపోతుంది. రిలేలు, ఐసీ బేసులు, పాత బల్బుల కోసం కోఠి గుజరాతీ గల్లీ చుట్టూ ఒక పూట తిరగండి.

తర్వాత

వానాకాలంలో గోడకు ఆనించి పెట్టకండి, బెత్తెడు దూరం ఉంచండి. లోపల సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు పెట్టి, నీలం రంగు పోగానే మార్చండి. వారానికి నాలుగైదు సార్లయినా హ్యాండిల్ లాగండి, మూలన పడి ఉండే మెషీన్ కంటే ఆడే మెషీన్ ఎక్కువ కాలం బాగుంటుంది. ఇంటికొచ్చినవాళ్లకు మీరే ముందు లాగి చూపించండి. హ్యాండిల్‌ను కిందిదాకా లాగి, చేత్తో పట్టుకునే వెనక్కి వదలాలి. సగంలో ఎవరైనా ఆపితే వెనక్కి తోయకుండా మిగతా సగం పూర్తి చేయమనండి. ఆరు నెలలకొకసారి వెనక తలుపు తీసి దుమ్ము తుడిచి, క్లాక్ శబ్దం విని, మారినట్టనిపిస్తేనే మళ్లీ టర్పంటైన్ సీసా బయటికి తీయండి.